బాలికల స్వతంత్ర పాఠశాల: ఎవరినుండి ఈ స్వాతంత్ర్యము?

వేసవి సెలవులు ముగియవచ్చుసరికి మన పట్టణముల గోడలన్నియు పాఠశాలల ప్రకటనలతో నిండిపోవును. అందు బాలికలకొరకే ప్రత్యేకముగ నెలకొల్పిన పాఠశాలల ప్రకటనలును కొన్ని కనుపించును. ప్రభుత్వమునుండి చిల్లిగవ్వయైనను గ్రహింపక తమ వ్యవహారమును తామే నడపుకొను ఈ పాఠశాలలు తమ్ము స్వతంత్ర పాఠశాలలని చెప్పుకొనుచున్నవి. స్వాతంత్ర్యమను మాట మనకు మిక్కిలి ప్రియమైనది. ఆ మాటకొరకు మన పెద్దలు చెరసాలలకేగిరి. కావున ఆ మాటను తమ ద్వారముపై వ్రాసికొన్నవారిని ఒక్క ప్రశ్న యడుగుటకు మనకు హక్కు కలదు. ఎవరినుండి ఈ స్వాతంత్ర్యము? ఎవరికొరకు?

సర్కారు పెత్తనమును వదలించుకొని ధనికుని సంచికి లోబడిన పాఠశాల స్వతంత్రమైనది కాదు. యజమానిని మార్చుకొన్నది, అంతియే. బాలికల ప్రాథమిక విద్యను సొంతముగ నడపు హక్కు పౌరులకు కలదు. ఆ హక్కును మేము మనసార కాపాడగోరుచున్నాము. కాని దానిని కోటగోడవలె నిలిపి, ఆ గోడ వెనుక ధర చెల్లించినవారి బిడ్డలకు మాత్రమే పలకయు బలపమును పంచుట మన జాతీయ సంప్రదాయము కాదు. నేటి చట్టమును కాదు. ఈ రెండు సంగతులను పాఠకుల యెదుట నుంచుటయే మా యుద్దేశము.

ముందు సంప్రదాయమును విచారింతము. 1848వ సంవత్సరమున పుణ్యపట్టణములో భిడేవారి భవనమున సావిత్రీబాయి ఫూలే, జ్యోతిరావు ఫూలే దంపతులు బాలికలకు బడి తెరచిరి. పాఠశాలకు నడచి పోవు సావిత్రీబాయిపై ఛాందసులు పేడయు మట్టియు విసరిరి. ఆమె నడక మానలేదు. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించిరి. ఆడుది చదివినచో సంసారము చెడునని వీధివీధిని వాదించు దినములవి. పంతులుగారు ఆ వాదమునకు పత్రికలో సమాధానము వ్రాసి, పాఠశాలలో ఋజువు చూపిరి. తుదకు తమ యాస్తినంతయు హితకారిణీ సమాజమున కర్పించిరి. 1898లో కలకత్తా నగరమున బాగ్ బజారు సందులో సోదరి నివేదిత బాలికల పాఠశాలను తెరచినది. తన లేఖినివలన వచ్చినదియు, మిత్రులు పంపినదియు దాని నిర్వహణకు వెచ్చించినది. కొంతకాలమునకు బిడ్డలతోబాటు ఆ పేట గృహిణులకును అచట చదువు చెప్పుట కేర్పాటయ్యెను. అదే నగరమున 1911లో బేగం రొకయా సఖావత్ హుసేను ఎనమండ్రుగురు బాలికలతో పాఠశాల నారంభించి, ఇంటింటికిని వెళ్లి తల్లిదండ్రులను బ్రతిమాలి, ఘోషా బండ్లను పంపి, ముస్లిము బాలికలను చదువునకు రప్పించినది.

ఈ నలువురి పాఠశాలలును ఒక్కొక్క విధమున స్వతంత్రములే. ఆచారపు సంకెలనుండి వారు స్వాతంత్ర్యమును కోరిరి. లోకాపవాద భయమునుండి కోరిరి. పరిపాలకుల దయాదాక్షిణ్యములనుండి కోరిరి. బీదవాని బిడ్డనుండి స్వాతంత్ర్యమును వారెన్నడును కోరలేదు. వారి పాఠశాలకు కావలసిన ధనము దాతల చేతినుండియో, సొంత సంపాదననుండియో వచ్చెను గాని, పలక పట్టుకొని గుమ్మమున నిలిచిన పిల్లకు వెలకట్టుటవలన రాలేదు. తలుపు కడ నిలిచి, ఎవరిని లోనికి రానీయరాదని యెంచుట వారి పని కాదు. తలుపు దాటివచ్చి, ఎవరు ఇంకను రాలేదని వెదకుట వారి పని.

ఇంతకన్న చిన్న వయసున ఈ పనికి పూనుకొన్న యాంధ్రబాలిక మన గోదావరి మండలముననే కలదు. 1909లో జన్మించిన దుర్గాబాయమ్మగారు పండ్రెండేండ్ల ప్రాయమున ఆంగ్ల మాధ్యమపు బడిని విడిచి, తానే బాలికలకు హిందీ పాఠశాల నడపినది. 1923 కాకినాడ కాంగ్రెసునాటికి ఆమె స్వచ్ఛంద సేవిక. స్వరాజ్యము వచ్చిన తరువాత 1958లో ప్రభుత్వము నియమించిన జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు ఆమెయే అధ్యక్షురాలయ్యెను. తాను నేర్చుకొన్నది పొరుగు పిల్లకు నేర్పుటతో నామె పని మొదలాయెను. స్వతంత్ర పాఠశాలకు మూలధన మిదియే. తక్కిన ధనము దాని వెనుక రావలసినది గాని ముందు నడువవలసినది కాదు.

ఇక నేటి స్థితి యెట్లున్నదో చూతము. మధ్యతరగతి యింటిలో నొక కుమారుడును ఒక కుమార్తెయు నున్నారనుకొందము. ఇద్దరికిని రుసుము చెల్లించుటకు శక్తి చాలదు. ఎవని పేరు స్వతంత్ర పాఠశాల పట్టికలో కెక్కును? ఎవరిని వీధి చివరి సర్కారు బడికి పంపుదురు? సమాధానము అందరికిని తెలిసినదే. దేశమున మాటిమాటికి తీసిన విద్యా గణాంకములందును ఇదియే తేలినది. ప్రైవేటు పాఠశాలలలో బాలికలకన్న బాలురపాలు హెచ్చు. సర్కారు బడిని మేము కించపరచుట లేదు. అందు చదివి గొప్పవారైన స్త్రీలు లక్షలు కలరు. మేము నిందించుచున్నది బడిని కాదు, ఇంటిలోని త్రాసును. కుమారుని చదువు పెట్టుబడి యనియు, కుమార్తె చదువు ఖర్చు అనియు తూచు త్రాసు అది. "ఆడపిల్ల ఆడపిల్లయే గాని ఈడపిల్ల కాదు" అను సామెతను తాతలు నోట పలికిరి. మనుమలు ఆ మాట పైకి పలుకక, రుసుము చీటీలో దానిని వ్రాయుచున్నారు.

బాలికలకే ప్రత్యేకించిన స్వతంత్ర పాఠశాల ఈ దోషమును పోగొట్టునని కొందరు చెప్పుదురు. కొంతవరకు నిజమే. అచట ఉపాధ్యాయిని చూపు బాలుర బల్లవైపు తిరిగిపోదు, ప్రశ్న యడుగుటకు బాలిక వెనుదీయదు, ఆటస్థలమంతయు ఆమెదే. కాని రుసుము హెచ్చిన కొలది ఈ సుగుణములన్నియు ఎవరి బిడ్డలకు దక్కును? కుమార్తె కొరకును సంచి విప్పగల యిండ్ల బిడ్డలకే గదా! ఆ యిండ్లలో అంట్లు తోము తల్లి కుమార్తెకు, ఆ పాఠశాల బండి తోలు తండ్రి కుమార్తెకు, ఆ పాఠశాల మేడకు ఇటుకలు మోసిన కూలీ కుమార్తెకు ఆ గుమ్మము దూరమే. స్త్రీ యను కారణమున ఒకమారు, పేదరాలను కారణమున మరియొకమారు తోయబడిన ఆ బాలికకొరకే గదా పూర్వులు పాఠశాలలు తెరచినది!

చట్టము మాట విచారింతము. న్యాయవాద వృత్తిలో నున్నవారమగుటచే దీనిని కొంచెము వివరముగ జెప్పుట మా విధి. 1911లో గోపాలకృష్ణ గోఖలేగారు నిర్బంధ ప్రాథమిక విద్యకు బిల్లు తెచ్చిరి. అందును నిర్బంధము ముందు బాలురకే. బాలికల వంతు తరువాత. ఆ మాత్రమైనను అంగీకరింపక 1912లో శాసనసభ దానిని 13కు వ్యతిరేకముగ 38 వోట్లతో త్రోసివేసెను. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 45వ అధికరణమున, పదునాలుగేండ్ల వయసువరకు బాలబాలికలందరికిని ఉచిత నిర్బంధ విద్యను పదియేండ్లలో నేర్పరచుటకు ప్రభుత్వము ప్రయత్నింపవలెనని చెప్పినది. ఆ గడువు 1960తో తీరినది. పని మాత్రము తీరలేదు. 1993లో, మన రాష్ట్రము ప్రతివాదిగ నున్న ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున, పదునాలుగేండ్లవరకు విద్య ప్రాథమిక హక్కని సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2002లో 86వ సవరణవలన 21ఎ అధికరణము చేరినది. 2009లో విద్యాహక్కు చట్టము వచ్చినది. 2010 ఏప్రిల్ 1వ తేదీన అది అమలులోనికి వచ్చినది. పదియేండ్లలో చేయవలసిన పనికి చట్టము దొరకుటకే అరువదియేండ్లు పట్టెను!

ఈ చట్టపు 12వ సెక్షను ప్రకారము, ప్రభుత్వ సహాయము లేని ప్రైవేటు పాఠశాలయైనను ఒకటవ తరగతిలో నాలుగవవంతునకు తక్కువ గాకుండ స్థానములను ఇరుగుపొరుగునగల బలహీన వర్గముల బిడ్డల కిచ్చి, ప్రాథమిక విద్య ముగియువరకు ఉచితముగ చదివింపవలెను. ప్రతిగా, ప్రభుత్వము తాను ఒక్కొక్క బిడ్డపై వెచ్చించు మొత్తమో, పాఠశాల వసూలు చేయు మొత్తమో, రెంటిలో తక్కువదానిని పాఠశాలకు చెల్లించును. ఉచితముగనో చౌకగనో భూమియో భవనమో పొంది, అందులకై కొందరు బిడ్డలకు ఉచిత విద్య నొసంగుటకు ముందే కట్టుబడిన పాఠశాలకు, ఆ మేరకు ఈ ప్రతిఫలము లేదు. 2012లో సుప్రీముకోర్టు ఈ విధిని సమర్థించినది. సహాయము పొందని అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలను మాత్రము ఆ తీర్పు మినహాయించినది. 2014 నాటి మరియొక తీర్పు అల్పసంఖ్యాకుల సంస్థలన్నింటికిని ఆ మినహాయింపు నిచ్చినది. తక్కిన స్వతంత్ర పాఠశాలలకు తప్పించుకొను త్రోవ లేదు. బాలికల పాఠశాలయందు ఆ నాలుగవవంతు స్థానములన్నియు బాలికలవే యగును గదా! పేద బాలికకు ఇంతకన్న తిన్నని త్రోవను చట్టము మరెచటను చూపలేదు.

దీనికి పాఠశాలాధిపతులు మూడు ఆక్షేపణలు చెప్పుచుందురు. మొదటిది, ఈ బిడ్డల భారము రుసుము చెల్లించు తల్లిదండ్రులపై పడునని. రోడ్డు, నీరు, రక్షణ అందరి సొమ్ముతో అనుభవించుచు, పొరుగుబిడ్డ చదువు వచ్చుసరికి నాది నాకే యనుట పౌరధర్మము కాదు. ప్రభుత్వ మిచ్చునది చాలకున్న, అధికముగ నిమ్మని ప్రభుత్వముతో పోరాడుడు. మేమును మీ వెంట వత్తుము. కాని ప్రభుత్వముపై కోపమును ఆరేండ్ల పిల్లపై తీర్చకుడు.

రెండవది, ప్రమాణములు తగ్గునని. ఆరేండ్ల పిల్లకు ఏ ప్రమాణము? ఆమె అక్షరము తెలిసి పుట్టినదా? మీ బోధనయే ఉత్తమమైనదైనచో, అది కూలీ కుమార్తెపై పనిచేసినప్పుడే దాని ఉత్తమత్వము ఋజువగును. ఇంటివద్ద ట్యూషను పెట్టించుకొన్న పిల్లలను తీసుకొని, వారు చదివిరని డంబము పలుకుట విత్తిన పొలమున నారు చల్లి పంట నాదనుట వంటిది. చేర్చుకొనుటకు బిడ్డను గాని తల్లిదండ్రులను గాని పరీక్షింపరాదని చట్టపు 13వ సెక్షను శాసించినది. విరాళమను పేర రుసుమునకు మించి సొమ్ము గుంజరాదని శాసించినదియు ఆ సెక్షనే.

మూడవది మిక్కిలి మృదువుగ పలుకు ఆక్షేపణ. పేద బాలిక ధనికుల బిడ్డల నడుమ చిన్నబుచ్చుకొనునట! ఆమెయెడ వారికింత దయ యున్నచో, చిన్నబుచ్చువారిని మందలింపవచ్చును గదా! ఉచితముగ చేరిన బిడ్డలను తరగతిలో వేరుగ కూర్చుండబెట్టరాదనియు, వేరుచోట, వేరువేళ పాఠములు చెప్పరాదనియు, పుస్తకములందును దుస్తులందును ఆటలందును భేదము చూపరాదనియు కేంద్ర నియమావళి స్పష్టముగ చెప్పుచున్నది. ఒకే బల్లపై కూర్చుండి ఒకే పద్యము వల్లించిన యిద్దరు బాలికలలో ఎవరు చిన్నబుచ్చుకొందురు? ధనికురాలైన బాలికకును ఈ సహవాసమువలన మేలే. తన దేశములో తనవంటివారే కాక మరికొందరును కలరని ఆమెకు ఎనిమిదేండ్ల ప్రాయముననే తెలిసిన మంచిది. ముప్పదియేండ్లకు తెలిసిన ఆలస్యము.

ప్రభుత్వమును మేము విడిచిపెట్టము. అనుకూలత లేని వర్గమునకు చెందిన బిడ్డ యెవరో చట్టపు 2వ సెక్షను నిర్వచించుచు, సామాజిక, సాంస్కృతిక, ఆర్థిక, భౌగోళిక, భాషాకారణములతోబాటు లింగ కారణమును గూడ పేర్కొన్నది. అట్టి వర్గములను ప్రకటించు అధికారమును ప్రభుత్వమున కిచ్చినది. బాలిక బాలిక యగుటవలననే వెనుకబడునని చట్టమే యొప్పుకొన్న తరువాత, ఉచిత స్థానములలో ఆమెకు తగిన భాగమును నిర్ణయించుటకు జంకు ఏల? రాజ్యాంగపు 15వ అధికరణము స్త్రీలకును బిడ్డలకును ప్రత్యేకమైన ఏర్పాటులు చేయుట కనుమతించుచునే యున్నది. మరియు పాఠశాలలకు చెల్లింపవలసిన సొమ్మును ప్రభుత్వము సకాలమున చెల్లింపవలెను. బాకీదారుడైన ప్రభుత్వము ఇతరులకు ధర్మము బోధించిన వినువా రుండరు. ఇంకొక సంగతి. స్వతంత్ర పాఠశాలలో నాలుగవవంతు స్థానము లున్నవి గదా యని ఊరి సర్కారు బడిని మూయుట మహాపరాధము. బడి దూరమైనచో మొదట మానువాడు బాలుడు కాడు, బాలికయే. మొదటి అయిదు తరగతులకు ఒక కిలోమీటరు లోపల బడి యుండవలెనని నియమావళి చెప్పినది ఊరక చెప్పలేదు.

ఆడపిల్లకు సంతకము పెట్టుట వచ్చిన చాలుననువారు ఇప్పటికిని కలరు. వారికి రెండు అంకెలు చాలును. 1951 జనగణనలో దేశమందలి స్త్రీలలో నూటికి తొమ్మండ్రుగురైనను చదువరులు లేరు. 2011లో నూటికి సుమారు 65 మంది. ఇది చిన్న విజయము కాదు. కాని అదే 2011లో, అప్పటికింకను ఉమ్మడిగనున్న మన రాష్ట్రమున పురుషులలో సుమారు 75 మంది చదువరులు కాగా, స్త్రీలలో సుమారు 59 మందియే. దేశమందలి స్త్రీలకన్న వెనుక, ఇంటి పురుషులకన్న వెనుక! వీరేశలింగము పంతులుగారి గడ్డకు ఇది గౌరవమా? చట్టము ప్రాథమిక విద్య యనునది ఒకటవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు. అయిదవ తరగతి కాగానే తమ్ముని నెత్తుకొనుటకో, పత్తి తీయుటకో మాన్పింపబడిన బాలికకు ఆ విద్య పూర్తికాలేదు. ఆమె హక్కు పూర్తికాలేదు.

స్వతంత్ర పాఠశాలకు నిజముగ స్వాతంత్ర్య మక్కరకు వచ్చు తావులు లేకపోలేదు. మొదటి తరగతులందు బోధన మాతృభాషలో సాగింపుడు. విద్య సాధ్యమైనంతవరకు మాతృభాషలో నుండవలెనని విద్యాహక్కు చట్టపు 29వ సెక్షనును చెప్పినది. 1937లో వార్ధాలో కూడిన విద్యాసభయును చెప్పినది. అమ్మతో మాటలాడు భాషలో ఆలోచింప నేర్చిన బిడ్డ ఆంగ్లమును తరువాత సులువుగ నేర్చుకొనును. అర్థము కాని పద్యమును చిలుకవలె వల్లించు బిడ్డకు రెండు భాషలును సరిగ రావు. కొట్టక, తిట్టక చెప్పుడు. కొట్టుట చట్టమును నిషేధించినది. బాలికలకు వేరుగ మరుగుదొడ్డి, త్రాగు నీరు, ఆటస్థలము చూపుడు. ఇవి అలంకారములు కావు, చదువునకు ఆధారములు. ఉపాధ్యాయినికి బ్రదుకదగిన జీతమిండు. ప్రకటనలకు లక్షలు వెచ్చించి, పంతులమ్మకు కూలికన్న తక్కువ యిచ్చు పాఠశాల బాలికలకు స్త్రీ గౌరవమును గూర్చి ఏమి బోధింపగలదు? బిడ్డలు పుస్తకములో చదివినది మరతురు; పంతులమ్మ ముఖమున చదివినది మరవరు.

ఇంకొక్కటి. చట్టపు 21వ సెక్షను పాఠశాలా నిర్వహణ సంఘములను ఏర్పరచినది. అందు మూడువంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు. సభ్యులలో సగము స్త్రీలు. సహాయము లేని ప్రైవేటు పాఠశాలకు ఈ విధి లేదు. చట్టము వదలినదానిని ఔదార్యము పట్టుకొనవలెను. బాలికలకొరకే పుట్టిన పాఠశాలలో వారి తల్లులకు ఒక బల్ల, ఒక మాట, లెక్కల పుస్తకము చూచు హక్కు లేకపోవుట సిగ్గుచేటు. ఉచిత స్థానమున చేరిన బిడ్డ తల్లియు ఆ బల్లవద్ద కూర్చుండవలెను. లెక్కలు దాచని పాఠశాలయే స్వతంత్రము. లెక్కలు దాచునది అంగడి.

దేశసేవకులమని చెప్పుకొను మనకు మిగిలిన పని యేమి? హక్కు పుస్తకములో నుండుటవేరు, పేదతల్లి చేతికి వచ్చుటవేరు. ఆమెకు దరఖాస్తు వ్రాయుట రాదు. ఆదాయపు ధ్రువపత్రము ఏ కచేరీలో నిత్తురో తెలియదు. గడువు ఎప్పుడు తీరునో తెలియదు. గుమాస్తా కసరిన వెనుకకు తిరిగిపోవును. ప్రతి పేటలోను ఇద్దరు స్వచ్ఛంద సేవకులు పూనుకొని, ప్రవేశములకు నెల ముందే ఇంటింటికిని వెళ్లి, ఆరేండ్ల బాలికలెవరెవరో వ్రాసికొని, దరఖాస్తులు నింపి, తల్లి వెంట పాఠశాలకు నడువవలెను. కాదన్న పాఠశాలను వ్రాతమూలముగ కారణమడుగవలెను. న్యాయవాదులైన మా సోదరులు ఆ కాగితమును ఉచితముగ నందుకొని, పై యధికారుల వద్దకును అవసరమైన న్యాయస్థానమునకును కొనిపోవలెను. ఇది మహాత్యాగమేమియు కాదు. ఏడాదికి కొన్ని దినముల పని.

స్వతంత్ర పాఠశాలాధిపతులారా! మీ ద్వారముపై నున్న మాటను చెరపివేయుడని మేము కోరుట లేదు. ఆ మాటకు తగినట్లు ద్వారమును తెరువుడని కోరుచున్నాము. మీ తరగతిలో నాలుగవవంతు బల్లలు మీ దయవలన ఇచ్చునవి కావు. ఇప్పటికే ఆ బాలికలవి. వారు వచ్చి కూర్చుండువరకు అవి ఖాళీగ నున్నట్లే లెక్క.